వంతు తివాచీ

ఆ వీధిలో మూడువేళ్లాయన ఎవరని అడిగితే చిన్నపిల్లవాడైనా చూపిస్తాడు. పక్క వీధిలో తాళాలాయన అన్నా అంతే. ఇద్దరూ చేసేది ఒకే రకం మిషన్, ఇద్దరికీ పని నేర్పింది ఒకే మామగారు, ఇద్దరూ పెళ్లాడింది ఒకే ఇంటి ఆడపిల్లల్ని. ఇన్ని కలిసిన మనుషులకు పొత్తు ఎలా కుదురుతుంది లెండి? తోడల్లుళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేసి చాలా ఏళ్లయింది.

మిషన్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. మనిషికి రెండింతల పొడవున, అడ్డంగా పడుకోబెట్టిన ఇనపగొట్టం. తివాచీలు ఉతికే లాండ్రీలకు అది లేనిదే పూట గడవదు. తడిసిన తివాచీ బరువు ఎంతో ఎత్తి చూసిన నడుముకే తెలుస్తుంది. దాన్ని చుట్టచుట్టి ఆ గొట్టంలోకి తోసి, మూత వేసి, మీట నొక్కితే లోపలి డ్రమ్ము గిర్రున తిరిగి నీళ్లన్నీ బయటికి కొట్టేస్తుంది. లేకపోతే అది తీగ మీద రోజుల తరబడి ఆరుతూ, మురుగు వాసన వేస్తూ, లాండ్రీవాడి ప్రాణం తీస్తుంది.

తగువు ఎక్కడ మొదలైందంటే, అల్లుళ్లిద్దరూ మామగారి షెడ్డులోనే పనిచేస్తున్న రోజుల్లో, పెద్దల్లుడు ఒకసారి డ్రమ్ము పూర్తిగా ఆగకముందే మూత ఎత్తి చెయ్యి పెట్టాడు. రెండు వేళ్లు పోయాయి. ఆస్పత్రిలో రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉన్నది చిన్నల్లుడే. ఇంటికొచ్చాక అతనే కూర్చుని ఒక తాళం తయారుచేశాడు. డ్రమ్ము కదలిక పూర్తిగా ఆగితే తప్ప మూత రాదు. "చేసినవాడు కూడా మధ్యలో తెరవలేడు" అని మురిసిపోతూ చూపించాడు. పెద్దల్లుడికి అది పుండు మీద కారం చల్లినట్టయింది. "నా వేళ్లు నా తొందర వల్ల పోయాయి. ఊరందరికీ తాళం వేసి చూపిస్తావా?" అన్నాడు. మాటామాటా పెరిగింది. మామగారు కన్నుమూసేసరికి ఒక షెడ్డు రెండు షెడ్లయింది. పెద్దల్లుడు తాళానికి పోటీగా బ్రేకు కనిపెట్టాడు. స్విచ్ తీసేస్తే చాలు, దానంతటది పడి డ్రమ్మును పట్టేస్తుంది. ఆ తర్వాత ఎవరి గొప్ప వారిది.

మగవాళ్ల సంగతి అలా ఉంచండి. ఈ కథ పెద్దల్లుడి భార్యది, అంటే అక్కది.

అక్కాచెల్లెళ్లకు పుట్టింటి నుంచి మిగిలిన వస్తువు ఒక్కటే. అమ్మ సొంతంగా నేసిన తివాచీ. తెల్లటి నేల, చుట్టూ గొర్రె బొచ్చు సహజంగా నల్లగా ఉన్న అంచు, నడుమ పెద్ద ఎర్ర పువ్వు. ఎవరికి చెందాలన్నప్పుడు అమ్మే తీర్పు చెప్పి పోయింది. ఆర్నెల్లు పెద్దదాని ఇంట్లో, ఆర్నెల్లు చిన్నదాని ఇంట్లో. ఆవిడ ఏం ఆలోచించి చెప్పిందో గానీ, మొగుళ్లు విడిపోయాక అక్కాచెల్లెళ్లు కలుసుకోవడానికి ఆ వంతు ఒక్కటే సాకు మిగిలింది. వంతు మారే రోజున ఒకరింటికి ఒకరు తివాచీ పట్టుకుని వెళ్లేవారు. మొగుడు షెడ్డుకు వెళ్లాక వెళ్లి, తిరిగొచ్చేలోపు వచ్చేసేవారు. ఆ పూటంతా తివాచీ పరుచుకుని దాని మీదే కూర్చుని, పోయినవాళ్లనూ ఉన్నవాళ్లనూ తిట్టుకుని, నవ్వుకుని, కళ్లు తుడుచుకుని లేచేవారు. అక్కకు పిల్లలు లేరు. ఆ పూట కోసమే ఆమె మిగతా ఆర్నెల్లూ గడిపేదంటే అబద్ధం కాదు.

ఆ ఎర్ర పువ్వుకు రంగు వేసిన రోజు అక్కకు బాగా గుర్తు. వంటింట్లో పాత గిన్నెలో అమ్మ రంగు మరిగిస్తుంటే కర్రతో కలిపింది తనే. చెల్లెలు అప్పటికి పాకుతోంది. ఎన్నిసార్లు మరిగించినా ఆ ఎరుపు నిలవలేదు. నీళ్లలో పెడితే దిగిపోయేది. అమ్మ చేతులు ఎన్నాళ్లో ఎర్రగా ఉండిపోయాయి. చివరికి విసిగిపోయి అలాగే నేసేసింది. "దీనికి జన్మలో నీళ్లు చూపించకే. దులుపు, విదుల్చు, పొడిగుడ్డ పెట్టు. అంతే" అంది. అక్క అలాగే చేసింది. తన వంతు వచ్చిన ప్రతిసారీ తలకిందులుగా పరిచి, వెదురుబద్దతో సన్నగా కొట్టి, బోర్లించిన చోట రాలిన ఇసుకను ఎత్తి, పొడిగుడ్డతో ఒక్కొక్క పోగునూ తుడిచేది. నడుం పడిపోయేది. చెల్లెలి ఇంటికి తివాచీ ఎప్పుడూ కొత్తదానిలా వెళ్లేది.

ఒకసారి చెల్లెలు దాన్ని చేత్తో నిమిరి, "అబ్బ, ఎంత శుభ్రంగా ఉందే! బావగారి మిషన్లో వేశావా?" అంది.

అక్క నవ్వి, "మరి ఏమనుకున్నావు!" అంది.

అంతే. రెండు మాటలు. మొగుడి మిషన్‌కు మెప్పు వస్తుంటే కాదనబుద్ధి కాలేదు. పైగా చెల్లెలు అంతకుముందే తాళం గొప్ప చెప్పి ఉంది. మన ఇళ్లలో ఇలాంటి అబద్ధాలు రోజుకు ఎన్ని ఆడం? ఆడి, మర్చిపోతాం. అక్క కూడా మర్చిపోయింది.

ఊళ్లోకెల్లా పెద్ద లాండ్రీ నడిపే ఆవిడ కొత్త షెడ్డు కడుతూ, అందులోకి కావలసిన మిషన్లన్నీ ఒక్కరి దగ్గరే తీసుకుంటానని కబురు పంపింది. ఇద్దరూ ఒకేరోజు వచ్చి చూపించాలి. ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. మిషన్ చూపించడానికి వచ్చేవాడు తన సొంతింటి తివాచీనే అందులో వేయాలి. కొనేవాళ్ల తివాచీతో ప్రయోగాలు చేస్తే ఎవరొప్పుకుంటారు? సొంత సొత్తు వేసే ధైర్యం లేనివాడి మిషన్‌ను ఎవరూ ముట్టుకోరు.

ఆ రోజు లాండ్రీ అంతా సబ్బు వాసన, తడి ఉన్ని వాసన. సిమెంటు నేల మీద నీళ్లు పారుతున్నాయి. తీగల మీద తివాచీలు వరసగా వేలాడుతున్నాయి. ఒక గోడ పక్కన మూడువేళ్లాయన గొట్టం, ఎదుటి గోడ పక్కన తాళాలాయన గొట్టం. తోడల్లుళ్లిద్దరూ ఒకరికొకరు వీపులు చూపించుకుని నిలబడ్డారు. అక్క మొగుడి వెనక స్టూలు మీద కూర్చుని, ఎదుటి వైపు ఉన్న చెల్లెలిని ఎవరూ చూడకుండా పలకరిద్దామని చూస్తోంది. చెల్లెలు కూడా ఓరగా చూసి కళ్లతోనే నవ్వింది.

ముందు పెద్దాయన వంతు. వాళ్ల ముందుగదిలోని మామూలు తివాచీ తడిసింది, తిరిగింది, బ్రేకు పడింది, మూత తెరుచుకుంది. బాగానే ఆరింది. లాండ్రీ ఆవిడ అరచేత్తో నొక్కి చూసి తల ఊపింది. "తొందరగా అయిందే" అంది. పెద్దాయన మీసం మీదికి చెయ్యి వెళ్లింది.

తర్వాత చిన్నాయన మనుషులిద్దరు ఒక చుట్టను భుజాల మీద మోసుకొచ్చారు. అక్క ఆ చుట్ట చివర వేలాడుతున్న కుచ్చులు చూసింది. ఒక కుచ్చు తెగితే తను నీలం దారంతో ముడేసింది. ఆ నీలం ముడి కనబడింది.

ఆమె స్టూలు మీది నుంచి లేచి, మొగుడు "ఎక్కడికే?" అంటున్నా వినకుండా, నీళ్లలో చెప్పులు టపటపలాడిస్తూ అటు గోడ దగ్గరికి వెళ్లిపోయింది.

"ఏమే, ఇది తెచ్చారేమే? అమ్మది ఇది! దీన్ని తడపకూడదే!"

చెల్లెలు చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఇప్పుడేంటక్కా ఇది? మా ఇంట్లో మందంగా ఉండేది ఇదొక్కటే. మందమైనది వేస్తేనే కదా మిషన్ సత్తా తెలిసేది."

"రంగు దిగిపోతుందే. ఇది పుట్టాక నీళ్లు చూడలేదు."

"నీళ్లు చూడలేదా?" చెల్లెలి ముఖంలో నవ్వు పోయింది. "బావగారి మిషన్లో వేశానని నువ్వే చెప్పావుగా. మీ గొట్టంలో అయితే రంగు దిగదు, మా గొట్టంలో అయితే దిగుతుందా?"

అక్క "అప్పుడు ఊరికే అన్నానే" అంది. ఆ మాట తన చెవికే నీరసంగా వినబడింది.

"అప్పుడు ఊరికే అన్నావా, ఇప్పుడు ఊరికే అంటున్నావా?" అంది చెల్లెలు. "పో అక్కా. బావగారు పంపించి ఉంటారు. పో."

అక్క మరిది వైపు తిరిగింది. ఎన్నేళ్ల తర్వాతో అతనితో మాట్లాడటం. "మరిదిగారూ, మీకు దణ్ణం పెడతాను. ఇంకోటి వేయండి."

అతను మర్యాదస్తుడు. తల వంచుకుని, "వదినగారూ, ఇంకోటి తేలేదండీ. ఇప్పుడు వెనక్కి తగ్గితే నా మిషన్ మీద నాకే నమ్మకం లేదంటారు" అన్నాడు. అందులో తప్పేముంది? నిజంగానే అంటారు.

లాండ్రీ ఆవిడ వచ్చి ఏమిటి గొడవ అంది. అక్క చెప్పింది. ఆవిడ ఆ పనిలో తల పండిన మనిషి. వెంటనే ఒక తెల్లగుడ్డ తడిపి, చుట్ట కొసన బయటికి కనబడుతున్న అంచు మీద గట్టిగా రుద్దింది. గుడ్డ తెల్లగానే ఉంది. ఆ అంచు గొర్రె వీపు మీది నుంచే నల్లగా వచ్చినది, అది ఎందుకు దిగుతుంది?

"మధ్యలో చూడండమ్మా, మధ్యలో పువ్వు!" అంది అక్క.

లాండ్రీ ఆవిడ గుడ్డను అందరికీ చూపించి, ఆమె వైపు జాలిగా చూసింది. పోటీలో ఇలాంటివి ఆవిడ చాలా చూసి ఉంటుంది. "మీ ఇంటాయన మిషన్ కూడా బాగానే ఉందమ్మా, అంత కంగారు పడకండి" అంది.

ఆమె చేయి పట్టుకుని మొగుడు వెనక్కి లాక్కొచ్చాడు. తిడతాడనుకుంది. ఆయన ఆమె చెవి దగ్గర వంగి, "భలే మెలిక వేశావే! వాడి ముఖం చూశావా, ఎలా పాలిపోయిందో!" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన ఆమెను ఇంతగా మెచ్చుకున్నది లేదు. ఆమెకు ఏడుపొచ్చింది. సొంత మొగుడే నమ్మలేదు, ఇక లోకాన్ని ఏమనాలి?

అవతల చుట్టను చుట్టినట్టే తొట్టిలో ముంచారు. అది నీళ్లు తాగి కిందికి దిగింది. పైకెత్తి, నీళ్లు ఓడుతుండగానే గొట్టంలోకి తోశారు. మూత పడింది. తాళం టక్కుమంది. చిన్నాయన మీట నొక్కాడు.

డ్రమ్ము మెల్లగా మొదలై, ఊపందుకుని, హోరెత్తింది. కింద పైపులోంచి నీళ్లు కాలవలోకి దూకాయి. ముందు మట్టి రంగు. అందరూ చూసి నవ్వారు, ఎన్నాళ్ల మట్టో అని. తర్వాత నీళ్లు తేటపడ్డాయి. తర్వాత గులాబీ రంగు. ఆ తర్వాత ఎరుపు.

వంటింట్లో గిన్నెలో మరిగిన ఎరుపే అది. అక్కకు అది ఎలా ఉంటుందో తెలుసు. లోపల ఏం జరుగుతోందో కూడా తెలుసు, ఆమె పుట్టి పెరిగింది గొట్టాల మధ్యే. చుట్టలో నడుమ ఉన్న ఎర్రనీళ్లు బయటికి రావాలంటే పైనున్న తెల్ల మడతలన్నిటిలోంచీ రావాలి. డ్రమ్ము తిరిగినకొద్దీ అమ్మ పువ్వు పొర తర్వాత పొరలోకి దిగుతోంది.

"ఆపండి!" అని అరిచింది. హోరులో ఎవరికీ వినబడలేదు. చెల్లెలు మాత్రం కాలవ వైపు చూస్తూ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అది చూసి అక్క ఇక ఆగలేదు. పరుగెత్తి, గోడకున్న పెద్ద స్విచ్ పట్టుకుని కిందికి లాగేసింది.

వాళ్ల షెడ్డులో అయితే అదే సరైన పని. స్విచ్ తీస్తే బ్రేకు పడుతుంది, డ్రమ్ము ఆగుతుంది, మూత తీసుకోవచ్చు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె చేతికి అలవాటైన పని అది. కానీ అది ఎదుటివాడి మిషన్. అందులో అలాంటి బ్రేకు లేదు, తాళమూ కరెంటుతోనే పనిచేస్తుంది. కరెంటు పోతే డ్రమ్మును పట్టి ఆపేది ఏదీ ఉండదు. అది తన ఊపు తీరేదాకా తిరగాల్సిందే. అది నిలిచి, మళ్లీ కరెంటు ఇచ్చేదాకా మూత రాదు.

మోటారు హోరు ఆగింది. డ్రమ్ము మాత్రం తిరుగుతూనే ఉంది, ఇప్పుడు చప్పుడు లేకుండా, నీళ్లను కొట్టేసేంత వేగం లేకుండా. పైపులోంచి ఎర్రనీళ్లు సన్నగా కారుతున్నాయి.

"ఎవరు తీశారు?" అని చిన్నాయన పరుగున వచ్చాడు. స్విచ్ మీద వదిన చేయి చూసి, గభాలున స్విచ్ మళ్లీ పైకి వేశాడు. ఏమీ కాలేదు. మధ్యలో కరెంటు పోయి వస్తే, డ్రమ్ము పూర్తిగా నిలబడేదాకా మిషన్ ఎవరి మాటా వినకూడదని ఏర్పాటు చేసింది అతనే.

"తెరవరా!" అని ఇటు గోడ దగ్గర నుంచి మూడువేళ్లాయన అరిచాడు. పోటీ మర్చిపోయి అరిచాడు పాపం. కాలవలో రంగు ఆయనకూ కనబడింది.

"రాదన్నయ్యా!" అన్నాడు చిన్నాయన. చేసినవాడు కూడా తెరవలేడని ఊరూరా చెప్పుకున్న మనిషి, ఆ మూతను రెండు చేతులా పట్టుకుని లాగుతూ, "రాదు, రాదు" అంటూ నిలబడ్డాడు.

ఇక చేయడానికి ఏమీ లేదు. అందరూ నిలబడ్డారు. అక్క వచ్చి గొట్టం మీద అరచేయి ఆనించింది. లోపల తిరుగుతున్నది చేతికి తెలుస్తోంది. పక్కనే చెల్లెలు కూడా చేయి ఆనించింది. ఆ చేయి మెల్లగా జరిగి అక్క చేతిని గట్టిగా పట్టుకుంది.

"నిజంగానే ఎప్పుడూ తడపలేదా?" అంది చెల్లెలు, వినీ వినబడకుండా.

"లేదే."

"ఎలా అంత శుభ్రంగా ఉండేది?"

"చేత్తో దులిపేదాన్ని."

చెల్లెలు చేయి వదలలేదు. డ్రమ్ము తిరిగి తిరిగి, ఊగి, ఒక పక్కకు ఒరిగి ఆగింది. తాళం టక్కుమంది.

తీసి పరిచారు. ఏం చెప్పమంటారు? పువ్వు ఉండాల్సిన చోట వెలిసిన మచ్చ ఉంది. తెల్లనేల ఆ కొస నుంచి ఈ కొస దాకా చారలు చారలుగా ఎరుపెక్కి ఉంది. అంచు మాత్రం నల్లగా, చెక్కుచెదరకుండా ఉంది.

లాండ్రీ ఆవిడ వంగి, అలవాటు కొద్దీ అరచేత్తో నొక్కింది. "మధ్యలో ఆపకుండా ఉంటే కొంతైనా దక్కేది. వేగంగా పిండి, వెంటనే పరిచేస్తే ఇంతగా పాకేది కాదు" అంది. ఆవిడ ఎవరినీ నిందించడానికి అనలేదు, ఉన్న మాట అంది. అక్క చేతిలోంచి చెల్లెలి చేయి జారిపోయింది.

ఇంతా చేసి లాండ్రీ ఆవిడ ఎవరి మిషనూ కొనలేదు. "కరెంటు తీస్తే ఆగాలి, ఆగితేనే తెరుచుకోవాలి. ఆ బ్రేకూ ఈ తాళమూ ఒకే గొట్టంలో పెట్టి ఎవరు తెస్తే వాళ్ల దగ్గర తీసుకుంటాను" అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడే చిన్నాయన వ్యానులో తివాచీ అక్క ఇంటికి వచ్చింది. చెల్లెలి వంతు ఇంకా సగం కూడా కాలేదు. డ్రైవరు గుమ్మంలో దించి, "మీ దగ్గరే ఉంచమన్నారండీ" అని వెళ్లిపోయాడు.

బ్రేకు గుట్టు ఒకరిది, తాళం గుట్టు ఒకరిది. రెండూ కలపాలంటే ఇద్దరూ ఒకచోట కూర్చోవాలి. బతకాలి కదా, కూర్చున్నారు. మొదట్లో ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నా, పనిలో పడ్డాక పాత రోజులు గుర్తొచ్చాయి. ఇప్పుడు పొద్దున లేస్తే ఫోన్లు. "తమ్ముడూ, ఆ స్ప్రింగు మార్చి చూడరా" అని ఈయన, "అన్నయ్యా, నీ బ్రేకుకు చెయ్యెత్తి మొక్కాలి" అని ఆయన. మామగారి షెడ్డు గోడ మీద ఇద్దరి పేర్లూ కలిపి రాయిద్దామా అనేదాకా వచ్చింది. ఊరంతా సంతోషించింది. అక్క కూడా టీలు పెట్టి ఇచ్చింది.

చెల్లెలు మాత్రం రాలేదు. ఫోను చేస్తే ఎత్తదు. ఇంటికి వెళితే ఒకసారి స్నానంలో ఉంది, ఒకసారి తలుపే తెరుచుకోలేదు.

చెల్లెలి మిగతా వంతూ, ఆ తర్వాత అక్క వంతూ గడిచి, మళ్లీ వంతు మారే రోజు వచ్చింది. అక్క ఎప్పటిలాగే తివాచీని తలకిందులుగా పరిచి, వెదురుబద్దతో సన్నగా కొట్టి, ఆ ఎర్ర చారల మీద పొడిగుడ్డతో ఒక్కొక్క పోగునూ తుడిచింది. చుట్టి, కుచ్చులు సరిచేసి, గుమ్మం పక్కన నిలబెట్టింది. ఆ రోజే మరిది కొత్త గొట్టం పరీక్షకు వచ్చాడు. ఇంటి పక్కనే ఉన్న షెడ్డులోకి వెళ్లబోతూ ఆ చుట్టను చూసి ఆగాడు.

"మీతో పంపిస్తాను మరిదిగారూ. దాని వంతు" అంది.

"వద్దంది వదినగారూ."

"నా మీద కోపం పోలేదా? స్విచ్ తీస్తే అలా అవుతుందని నాకు తెలియదు. మీరైనా చెప్పండి దానికి."

అతను చెప్పాలా వద్దా అన్నట్టు ఒకసారి షెడ్డు వైపు చూశాడు. "స్విచ్ సంగతి అది ఎప్పుడో మర్చిపోయింది వదినగారూ. రంగు దిగిందని కూడా ఏడవటం లేదు. 'మేమిద్దరం తివాచీ మీద కూర్చున్నప్పుడు మిషన్ల గొడవ ఉండేది కాదనుకున్నాను. అక్కడ కూడా అక్క వాళ్లాయన మిషన్ వైపే ఉందా' అంటోంది. మిషన్లో వేశానని మీరన్న ఆ ఒక్క మాటే పట్టుకుంది. నేనేం చెప్పను?"

ఆమె మాత్రం ఏం చెబుతుంది? అవునంటే ఒక బాధ. కాదంటే మళ్లీ అబద్ధం.

"తమ్ముడూ, రా, సిద్ధం!" అని షెడ్డులోంచి మొగుడు కేకేశాడు. అతను వెళ్లాడు. డ్రమ్ము మొదలై, ఊపందుకుని, హోరెత్తింది. గుమ్మంలో నిలబడిన ఆమెకు నేల అదురు పాదాల్లోకి తెలిసింది. ఎవరో స్విచ్ తీశారు. బ్రేకు పడింది, వెంటనే తాళం టక్కుమంది, మూత తెరుచుకుంది. లోపల ఇద్దరూ చిన్నపిల్లల్లా కేరింతలు కొట్టారు.

అక్క చుట్టను తీసుకెళ్లి మళ్లీ గదిలో పరిచింది. ఒక వైపు తను కూర్చుని, ఎప్పుడూ చెల్లెలు కూర్చునే వైపు ఖాళీగా వదిలేసింది.